ఎడమ అద్దం

డిపో వాట్సాప్ గ్రూపులోంచి నేనెప్పుడో బయటికి రావాల్సింది. అక్కడ నా పని అయిపోయి ఏడాది దాటింది. ఎవరూ నన్ను తీసెయ్యలేదు, నేనూ రాలేదు. మొన్న పొద్దున హైదరాబాదు మెట్రోలో నిలబడి ఫోన్ చూసుకుంటుంటే ఆ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. బస్సు లోపల వెనక సీటు నుంచి ఎవరో తీసింది. స్టీరింగు దగ్గర ఒక మనిషి వీపు, భుజం మీద ఎర్ర టవలు, తల ఎడమవైపుకు తిరిగి ఉంది. మొహం సరిగ్గా కనపడదు. కింద కన్నడంలో ఒకే వాక్యం. ఆయన పోయాడని, గుండెపోటని.

దాని కింద వరసగా దండం పెట్టే చేతులు. ఇరవై, ముప్పై. ఆ చేతుల మధ్యలోనే ఎవరో ఒక బండికి వెనక టైరు మార్చాలని మెసేజ్ పెట్టారు. ఇంకొకరు దానికి బొటనవేలు చూపించారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. గ్రూపులో పెద్ద మెసేజ్ టైపు చేశాను. పంపకుండా చెరిపేశాను. అలా చెరిపెయ్యడం నేర్పిందీ ఒకరకంగా ఆయనే.

ఆయన పేరు రాయడం లేదు. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. మా సిస్టంలో ఆయన ఒక ఐదంకెల నంబరు. డిపోలో, ఊళ్ళలో, టీ అంగట్లో మాత్రం డ్రైవరప్ప. ఆ డిపోలో డ్రైవర్లు చాలామందే ఉన్నారు. డ్రైవరప్ప అంటే ఆయనొక్కడే.

మా కంపెనీ కర్ణాటకలో బళ్ళారి జిల్లా బస్సులకు జీపీఎస్ డబ్బాలు, డ్రైవరు మొహాన్ని చూసే చిన్న కెమెరాలు బిగించింది. డబ్బా బస్సు ఎక్కడుందో చెప్తుంది. డ్రైవరు కునికినా, ఫోన్ చూసినా, తల పక్కకు తిప్పినా కెమెరా కుయ్యిమని అరిచి ఆఫీసుకు కబురు పంపుతుంది. ఈ రెండింటినీ, కండక్టర్ల చేతిలోని టికెట్ మిషన్లనూ కలిపి ఒక పెద్ద తెర మీద చూపించే పని నాది. హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని. కన్నడం వింటే సగం అర్థమయ్యేది, చదవడం రాదు. బళ్ళారి కౌల్ బజారులో గది తీసుకుని, రోజూ ఆటోలను తిట్టుకుంటూ ఆఫీసుకు వెళ్ళేదాన్ని.

ఆయన్ను మొదటిసారి చూసింది డిపో ఆవరణలో, డబ్బాలు బిగిస్తున్న రోజు. మిగతా డ్రైవర్లు దూరంగా నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. ఈయన దగ్గరికి వచ్చి, డాష్‌బోర్డు కింద వంగి మరీ చూశాడు.

"ఇది ఏందమ్మా?"

"జీపీఎస్ అప్పా. మీ బస్సు ఎక్కడుందో ఆఫీసుకు చెప్తుంది."

"ఫోన్ చేస్తే నేను గూడ చెప్తా కదా."

"మీరు అబద్ధం చెప్పొచ్చు."

పక్కనున్న మెకానిక్ నా వైపు చూశాడు, ఇప్పుడేం జరుగుతుందో అన్నట్టు. ఏమీ జరగలేదు. ఆయన తల ఊపి, ఇంకాసేపు ఆ డబ్బానే చూశాడు.

"పనేమన్నా చేస్తాదా?"

"చూస్తుంది, అంతే."

"తిండి?"

"బండి బ్యాటరీ నుంచే."

"అంటే, మనింటి తిండి తిని, మూల కూచోని, మనమేం చేస్తాండామో వాళ్ళింటికి చెప్తాది." ఎర్ర టవలుతో చెయ్యి తుడుచుకుని, డబ్బాను మెల్లగా తట్టాడు. "అల్లుడు."

ఆ సాయంత్రానికి డిపో మొత్తంలో మా జీపీఎస్‌కు అల్లుడని పేరు పడింది. కెమెరా బిగించినప్పుడు ఆయన ఇంకో మాట అన్నాడు. "అల్లునితో పాటు ఆయప్ప తల్లి గూడ వచ్చిందా?" అప్పటినుంచి కెమెరా వియ్యపురాలు. ఆయుధపూజ మరునాడు ఆ బండి కెమెరా పనిచెయ్యడం లేదని తెర మీద పడింది. నేను బళ్ళారి నుంచి కోపంతో ఊగిపోతూ డిపోకు వెళ్ళి చూస్తే, లెన్సు మీద పెద్ద కుంకుమ బొట్టు.

"ఇదేం పని?" అన్నాను.

"వియ్యపురాలికి బొట్టు పెట్టకుంటే మర్యాదేనా?" అన్నాడు. నవ్వలేదు. ఆయన జోకులన్నీ అలాగే ఉండేవి, మొహంలో ఏమీ కదలదు. టవలు కొనతో ఆయనే లెన్సు తుడిచి ఇచ్చాడు.

ఆ టవలుకు ఇంకో ముఖ్యమైన పని ఉండేది. బండి తీసేముందు ఎడమ అద్దం తుడిచేవాడు. నోటితో ఆవిరి ఊది, గుండ్రంగా, కళ్ళజోడు తుడుచుకున్నంత శ్రద్ధగా. కుడి అద్దాన్ని మాత్రం క్లీనింగువాళ్ళు ఎలా ఉంచితే అలాగే వదిలేసేవాడు. రెండోదానికి ఏం పాపమని ఒకసారి అడిగాను.

"కుడి అద్దం బండ్లకి. బండి పెద్దగుంటాది, మట్టి అంటుకున్నా అగపడతాది. ఎడమ అద్దం మనుషులకి."

నేను దాన్నొక చాదస్తం కింద లెక్కేసుకున్నాను. గడియారం పెట్టుకోడు, టైము మాత్రం తప్పడు. బండితో కన్నడంలో మాట్లాడతాడు, గేరు పడకపోతే తెలుగులో తిడతాడు, అడ్డమొచ్చిన గేదెలకు దఖనీ ఉర్దూలో నచ్చచెప్తాడు. లీటరు డీజిలుకు ఎక్కువ దూరం నడిపినందుకు డిపోలో వరసగా ఆయన పేరే బోర్డు మీద ఉండేది. పొదుపు ఆయన ఒంట్లో ఉంది. టీ గ్లాసు అడుగున చుక్క మిగలనిచ్చేవాడు కాదు. ఈ పొదుపే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది.

కొన్నాళ్ళకు ఆఫీసు నన్నొక జాబితా అడిగింది. జనం లేకుండా తిరుగుతున్న ట్రిప్పులేవో చెప్తే, వచ్చే నెల నుంచి ఆపేస్తారు. నాకది పది నిమిషాల పని. టికెట్లు తక్కువున్న ట్రిప్పుల మీద సాఫ్ట్‌వేరే ఎర్రగీత పెడుతుంది. అన్నిటికన్నా పైన వచ్చింది తెక్కలకోటలో పొద్దున ఆరూ పదికి బయల్దేరి, కాలవగట్టు వెంబడి వరి రైతుల కాపురాలుండే క్యాంపుల దాకా వెళ్ళే బస్సు. రోజుకు ఏడు టికెట్లు. ఒక్కోరోజు ఆరు. పైగా రోజూ ఆ ఒక్క ట్రిప్పులోనే కెమెరా నుంచి పదీ పదకొండు కబుర్లు: డ్రైవర్ దృష్టి మళ్ళింది, ఎడమ. డ్రైవరు నంబరు చూశాను. డ్రైవరప్ప. ఆ ట్రిప్పుకు కండక్టరు లేడు. టికెట్లు కొట్టేదీ ఆయనే, తోలేదీ ఆయనే.

ఖాళీ బస్సు, పొలాలు చూసుకుంటూ తోలే ముసలాయన. నాకు అర్థమైంది అంతే. వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఐదుసార్లు చేశాను. మూడు గంటల తర్వాత ఆయనే చేశాడు.

"అన్నిసార్లు చేస్తే ఎత్తరా?"

"బండి తోల్తా ఫోన్ ఎత్తగూడదని మీరే కదమ్మా చెప్పింది. వియ్యపురాలు అరుస్తాది."

"రేపు నేను మీ బస్సులో వస్తున్నా."

"రామ్మా. సీటుండదు, ముందే చెప్తాండా."

ఏడుగురున్న బస్సులో సీటుండదట. వెటకారం అనుకుని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రమే తెక్కలకోట వెళ్ళి, తెలిసినవాళ్ళింట్లో పడుకుని, ఆరింటికల్లా బస్సు దగ్గరికి వచ్చాను. నిజంగానే సీటు లేదు. బస్సు నిండా ఆడవాళ్ళు. చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు, తలకు తువాళ్ళు, ఒళ్ళో స్టీలు డబ్బాలు. ముగ్గురు కూర్చునే సీట్లో నలుగురు. నాట్లకు పోయే కూలీలు. తలుపు దగ్గర మెట్ల మీద కూడా ఇద్దరు. ఇంజను పెట్టె మీద ఒక గోనెపట్ట మడిచి ఆయన నాకు చోటు చూపించాడు.

ముందు వరసల్లో కూర్చున్న మగవాళ్ళ దగ్గరికి వెళ్ళి టికెట్లు కొట్టాడు. ఏడుగురు. మిషను సంచిలో పెట్టి, ఎడమ అద్దం తుడిచి, బండి తీశాడు. ఆడవాళ్ళ వైపు మిషను పట్టుకుని వెళ్ళనే లేదు.

ఊరు దాటగానే ఒకపక్క కాలవ, ఇంకోపక్క వరిమళ్ళు. మళ్ళ మీద పల్చగా మంచు. రోడ్డు కింద నీళ్ళు పారే ప్రతి మోరీ దగ్గరా ఆయన తల ఎడమకు తిప్పడం మొదలుపెట్టాడు. కెమెరా కుయ్యిమంది. "చూస్తాండాలేమ్మా, నువ్వూ చూడు" అన్నాడు దానితో. నేనూ అటు చూశాను. మళ్ళ మధ్య సన్నటి గట్టు మీద ఒకామె పరిగెత్తుకుంటూ వస్తోంది, డబ్బా ఒక చేతిలో, రెండో చెయ్యి గాల్లో. ఆమె ఉన్నట్టు నాకు కనపడేసరికే ఆయన గేరు తగ్గించాడు. బస్సు ఆగిన చోటుకూ ఆమె రోడ్డెక్కిన చోటుకూ తేడా లేదు. "బేగ, బేగ" అన్నాడు. ఆమె ఎక్కింది. ఇంకో మోరీ, మళ్ళీ తల, మళ్ళీ కుయ్యి, ఇంకో ఇద్దరు.

నేను ఫోన్ తీసి లెక్క చూసుకుంటున్నాను. వెనకనుంచి ఒకామె నా భుజం మీదుగా తొంగి చూసింది. నలభై ఏళ్ళుంటాయి, మోచేతి మీద పెద్ద మచ్చ. పేరు హులిగెమ్మ అని తర్వాత తెలిసింది.

"ఎక్కినప్పట్నించి మొగం దాంట్లోనే పెట్టుకోనుండావు. ఏముండాదమ్మా ఫోన్లో? మొగుడా?"

"కాదు. మీ బస్సే."

"మేము బస్సులోనే ఉండాము కదా. మళ్ళ ఫోన్లో ఏల చూసేది?"

చుట్టుపక్కల అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. తెర ఆమె మొహానికి దగ్గరగా పెట్టాను. "ఇదిగో. దీని లెక్కలో ఈ బస్సులో ఉన్నది ఏడుగురు."

"ఏడు మందా? నా సీట్లోనే నలుగురుండాము."

"ఆ ఏడుగురూ టికెట్ తీసుకున్న మగవాళ్ళు. మీకెవరికీ టికెట్ లేదు కాబట్టి మీరెవరూ ఈ బస్సులో లేరు."

"ఓ లచ్చిమీ, మనం లేమంట. ఇంకేం, ఇంటికి పోయి పండుకుందాం రా." నవ్వులు బస్సు వెనకదాకా పాకాయి.

అక్కడ నేను ఆపి ఉండాల్సింది. ఆపలేదు. "నవ్వండి. వచ్చే నెల నుంచి ఈ ట్రిప్పు ఉండదు. జనం లేరని ఆపేస్తున్నారు" అన్నాను, గట్టిగా, చివరి సీటుకు వినపడేలా.

నవ్వు ముందు నుంచి వెనక్కి ఆగిపోతూ వెళ్ళింది. హులిగెమ్మ చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి మచ్చ చూపించింది.

"ఈ బస్సు రాకముందు ట్రాక్టరు ట్రాలీలో పోతాంటిమి. ఒగనాడు కాలవలో పడింది. నాకి చెయ్యి. మా ఈదిలో ఇద్దరు తేలనే లేదు. ఏడింటికి మడి కాడ లేకుంటే గుంపు దిగిపోతాది, ఆ పొద్దుకి పని లేదు. నడిచి పోతే ఏడింటికి పోము. బస్సు లేకుంటే మళ్ళ ట్రాలీనే. ఆ ఫోన్‌కి ఈ మాట చెప్పు."

అంతలో బస్సు ఆగింది. మోరీ లేదు, గట్టు లేదు, ఎవరూ రావడం లేదు. ఆయన హ్యాండ్ బ్రేకు లాగి ఇంజను కూడా ఆపేశాడు. డీజిలు కోసం దిగుడులో క్లచ్చు మీద కాలు కూడా పెట్టని మనిషి, మళ్ళీ స్టార్ట్ చెయ్యాల్సి వస్తుందని తెలిసీ ఆపేశాడు.

"ఆడోళ్ళకి ఫ్రీ కదమ్మా" అన్నాడు నాతో. "ఫ్రీ టికెట్టుకి గూడ లెక్కుండాదా?"

"ఫ్రీ అయినా టికెట్ కొట్టాలి కదా. ప్రతి టికెట్టూ ఒక మనిషి."

"కాయితం దండగని కొట్టలేదు." నెమ్మదిగా అన్నాడు, తనకు తను చెప్పుకుంటున్నట్టు. "టికెట్టు కొట్టాలంటే ఆధార్ కార్డు చూడాల. బురదలోకి దిగేటోళ్ళు కార్డు తేరు. ఎట్లా ఫ్రీ, కాయితం గూడ సర్కారుదే, ఎందుకు పాడు చేసేది అనుకుంటి. నా కాడ రోలు నెలంతా వస్తాది. డిపోలో మెచ్చుకున్నారు గూడ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు కాగితం మిగిల్చి బస్సు పోగొట్టారు" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఫోన్ తిరగేసి పెట్టుకోవాలనిపిస్తుంది.

ఆయన సీట్లోంచి లేచి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. టవలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అక్కా, అమ్మా, అందరూ ఇనండి. తప్పు నాది. ఈయమ్మది కాదు, ఫోన్‌ది కాదు. రేపట్నించి అందరూ కార్డు తేవాల. టికెట్టు చేతిలో లేకుంటే బండి తీయను."

"బురదలో కార్డు ఏమైతాదప్పా?" అని ఎవరో అడిగారు.

"నీ కాడనే పెట్టుకో అందరివి. పొద్దున్నే నువ్వే కొట్టుకో" అంది ఇంకొకామె.

"మనిషి ఎక్కకుండా టికెట్టు కొట్టేది నా చేత కాదు. అది ఇంకో తప్పు."

హులిగెమ్మ, "యూరియా సంచి లోపల పలచటి ప్లాస్టిక్ ఉంటాది కదా. కత్తిరించి, నాలుగేపులా మంట చూపిస్తే అతుక్కుంటాది. పురికొస కట్టి మెడలో ఏసుకుంటే నీళ్ళు పోవు" అంది. ఆ క్షణంలో మా కంపెనీలో అంత వేగంగా ఆలోచించగలిగినవాళ్ళు ఎవరూ గుర్తు రాలేదు నాకు.

క్యాంపు దగ్గర అందర్నీ దించాక, ఆయనా నేనూ ఒక టీ బంకు దగ్గర కూర్చున్నాం. అసలు సంగతి నాకు అప్పటికి తట్టింది. రేపటి నుంచి ఆ ట్రిప్పులో ఏడుకు బదులు యాభై టికెట్లు పడతాయి. ఒక్కరోజులో ఏడు యాభై ఎలా అయిందని అడుగుతారు. ఇన్నాళ్ళూ ఇంతమందిని టికెట్ లేకుండా తీసుకెళ్ళాడని ఆయన మీదికి వస్తుంది. రిటైరు కావడానికి ఆయనకు ఐదు నెలలే ఉన్నాయి.

నాకు తెలిసిన దారి చెప్పాను. "ఒకేసారి వద్దప్పా. ఈ వారం పన్నెండు కొట్టండి, పై వారం ఇరవై. అలా మెల్లగా పెంచితే ఎవరూ పట్టించుకోరు. ఎర్రగీత పోయేదాకా జాబితా నేను ఆపుతా."

"రోజుకింత పెరిగేకి వాళ్ళేమన్నా నారా అమ్మా?" అన్నాడు. "పన్నెండు కొడితే మిగిలినోళ్ళు మళ్ళ లేనట్టే కదా."

"మీకు మెమో ఇస్తారు. రూటు మీంచి తీసేస్తారు. ముప్పై ఏళ్ళ సర్వీసు. అర్థమవుతోందా?" అరిచాను. టీ బంకాయన ఇటు చూశాడు.

"మెమో అంటే కాయితమే కదా. కాయితం మిగిలిచ్చి చేసిన తప్పు. ఒక కాయితం ఖర్చయితే కానీ."

ట్రిప్పు షీటు వెనక్కి తిప్పి, కన్నడంలో రాయడం మొదలుపెట్టాడు. అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా. మధ్యలో రెండుసార్లు పెన్ను ఆగింది. చదివి తెలుగులో చెప్పాడు. ఈ ట్రిప్పులో రోజూ యాభై మందికి పైగా ఆడవాళ్ళు వస్తారని, అవసరం లేదనుకుని వాళ్ళకు టికెట్ ఇవ్వనిది తానేనని, తన తప్పుకు ట్రిప్పు ఆపొద్దని. కింద సంతకం.

"ఫోటో తీసి డిపో సారుకి పంపు. బిన్నా పంపు, ఇప్పుడే" అన్నాడు.

"మీరే సాయంత్రం వెళ్ళి ఇవ్వొచ్చు కదా."

"నేను గూడ మనిషినే. సాయంత్రానికి మనసు మారుతాది."

ఫోటో తీశాను. డిపో సారు పేరు తెరిచాను. ఫోటో పెట్టాను. ఇక నొక్కడమే. ఎవరి మీద కోపమొచ్చినా రెండు సెకన్లలో మెసేజ్ కొట్టి పంపేదాన్ని, నా వేలు కదల్లేదు. ఆయన నా మొహం చూశాడు, తెర చూశాడు.

"ఈ బాణమేనా?"

తన బొటనవేలితో నొక్కాడు. తర్వాత గ్లాసు అడుగున చుక్క మిగలకుండా టీ తాగాడు.

మరునాడు ఆ ట్రిప్పులో యాభై ఆరు టికెట్లు పడ్డాయి. బండి నాలుగు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. అది ఆయన సర్వీసులో నేను చూసిన ఒకే ఒక్క ఆలస్యం. వారం తిరిగేసరికి తెర మీద ఎర్రగీత పోయింది. ట్రిప్పు నిలబడింది. అదే వారంలో ఆయనకు మెమో వచ్చింది. రూటు మీంచి తీసి, రిటైరయ్యేదాకా డిపో లోపలే షెడ్డు పని ఇచ్చారు. అంటే కడగడానికి బస్సుల్ని లోపలికి తీసుకురావడం, బయట పెట్టడం. నేను డిపో సారు గదిలోకి వెళ్ళి గొంతు చించుకున్నాను. సారు ఓపిగ్గా విని, "మేడం, రాసిచ్చింది ఆయనే కదా. రాసినదాన్ని నేనెట్ల చెరపాల?" అన్నాడు.

ఆయన్ను చివరిసారి చూసింది నేను ఊరు వదిలే ముందు, షెడ్డులో. తెల్లవారుతోంది. వరసగా నిలబెట్టిన బస్సుల మధ్య నడుస్తూ, ఒక్కో బస్సు ఎడమ అద్దం దగ్గర ఆగి, ఆవిరి ఊది తుడుస్తున్నాడు. తనవి కాని బస్సులు. రోడ్డు మీదికి తను తీసుకెళ్ళని బస్సులు. ఆయన పక్కన ఒక కుర్ర డ్రైవరు, చేతులు కట్టుకుని, వినాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. ఈయన వేళ్ళు మడిచి లెక్క చెప్తున్నాడు.

"మొదటి మోరీ కాడ ఇద్దరు. రెండో దాని కాడ ఎవరూ ఉండరు, అయినా చూడు. మూడో మోరీ కాడ గట్టు పొడుగుంటాది, చెయ్యి ఎత్తేది అగపడదు, టవలు అగపడతాది. నువ్వు చూసినావని వాళ్ళకి తెలియాల. తెలిస్తే పరిగెత్తరు. పరిగెత్తకుంటే జారరు."

పెద్దాయన మాటలనుకుని నేను ఫోన్ తీశాను, నా బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని. ఆయన నన్ను చూసి టవలు భుజం మీద వేసుకున్నాడు.

"అల్లుడు బాగుండాడా?"

"బాగున్నాడప్పా."

"వియ్యపురాలు?"

"అరుస్తూనే ఉంది."

"అరవనీ. పెద్దామె" అన్నాడు, మొహంలో ఏమీ కదలకుండా.

గ్రూపులో ఆ ఫోటో చూసిన మర్నాడు పొద్దున, ఎందుకో తెలియదు, డిపో యాప్ తెరిచాను. నా లాగిన్ కూడా ఎవరూ తీసెయ్యలేదు. ఆరూ పది ట్రిప్పు. యాభై ఎనిమిది టికెట్లు. దాని కింద కెమెరా పంపిన కబుర్లు పదకొండు. అన్నీ ఒకటే: డ్రైవర్ దృష్టి మళ్ళింది, ఎడమ. డ్రైవరు నంబరు వేరు. పక్కనే అతని ఫోన్ నంబరు కూడా ఉంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఈసారి ఒక్కసారే చేసి ఊరుకున్నాను. మూడు గంటల తర్వాత అతనే చేశాడు, షెడ్డులో చూసిన ఆ కుర్రాడు.

"తోల్తా ఫోన్ ఎత్తగూడదు కదా మేడం."

"మూడో మోరీ దగ్గర ఎవరు?" అన్నాను.

తిడతాననుకున్నాడేమో, గొంతు తగ్గించాడు. "హులిగెమ్మక్క మేడం. ఇల్లు మారినారు, ఇప్పుడు ఆడనే ఎక్కుతాది. మోకాలు నొప్పంట, గట్టు మీద మెల్లగ వస్తాంది. నేను చూసినానని తెలిస్తే పరిగెత్తదు."

నేను బాగా తోలమని మాత్రం చెప్పి పెట్టేశాను.

ఆ కబుర్లను ఎవరూ మూసెయ్యకపోతే, నెలాఖరుకు అవన్నీ కలిసి డ్రైవరు మీద మెమో అవుతాయి. మూసెయ్యాలంటే కారణం ఎంచుకోవాలి. సాఫ్ట్‌వేరులో ఉన్నవి నాలుగే: నిద్ర, ఫోన్, సిగరెట్, ఇతరం. ఆ నాలుగూ పెట్టింది నేనే. ఇతరం నొక్కితే పక్కన చిన్న గడి తెరుచుకుంటుంది, అదేమిటో రాయమని. అక్కడ ఉన్నన్నాళ్ళూ దాన్ని ఖాళీగానే వదిలేసి కబుర్లు మూసేదాన్ని.

ఒక్కొక్కటే తెరిచాను. పదకొండు గడుల్లోనూ ఒకటే రాశాను: మనుషులు వస్తున్నారు.